చెక్క బూటులో కాపలా

డౌవె హూక్‌స్ట్రా ఇంట్లో వీధి తలుపు పక్కనే మీటర్ల అర ఉంది. కరెంటు మీటరు, గ్యాసు మీటరు, వాక్యూమ్ క్లీనరు, ఖాళీ సీసాల సంచీ అన్నీ అందులోనే. వాటి మధ్య మేకుకి పసుపుపచ్చ చెక్క బూటు ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఒంటి బూటు. ఆ బూటులో అరచెయ్యంత కంప్యూటర్ పలక ఒకటి పడుకుని ఉంటుంది. పలక అంటే పలకే. దానికి తెర లేదు, మీటలు లేవు, ఒంటి మీద డబ్బా అయినా లేదు. వీధిలోంచి వచ్చే తీగ అందులో దూరుతుంది, ఇంకో తీగ అందులోంచి బయల్దేరి ఇంట్లో వైఫై పెట్టెకి పోతుంది. ఆ ఇంట్లోకి ఇంటర్నెట్ నుంచి ఏది రావాలన్నా, ఇంట్లోంచి ఏది పోవాలన్నా ఆ బూటులోంచే. బూటుకి నచ్చితే పోనిస్తుంది, నచ్చకపోతే ఆపేస్తుంది.

తెలిసినవాళ్ళు దాన్ని ఫైర్‌వాల్ అంటారు. డౌవె వంతెన అంటాడు. అతని భార్య ఆఫ్కె దాన్ని ఏమంటుందో ఇక్కడ రాయడం బాగుండదు.

డౌవె దాన్ని వంతెన అనడంలో వింతేమీ లేదు. అతని బతుకంతా వంతెన మీదే గడిచింది. ఊస్టర్‌సీల్ ఊరి మధ్య కాలువ మీద ఎత్తుడు వంతెన ఉంది. దాని పక్కన గాజు కిటికీల గదిలో కూర్చుని, పడవ వస్తే రోడ్డుకి ఎర్రదీపం వేసి, అడ్డుకర్రలు దించి, మీట నొక్కి వంతెన లేపేవాడు. గాలపు కర్రకి దారం కట్టి, ఈ చెక్క బూటునే పడవవాళ్ళ ముందుకి వదిలేవాడు, వాళ్ళు వంతెన రుసుము అందులో వేసి పోయేవాళ్ళు. ట్రాక్టరు తోలేవాడైనా చర్చి పాస్టరైనా అతని ఎర్రదీపం ముందు ఆగి నిలబడవలసిందే. డౌవె పొట్టి మనిషి, మాట మెత్తన, ఇంట్లో అతని మాట చెల్లేది తక్కువ. ఆ గాజు గదిలో మాత్రం మహారాజు.

మధ్యాహ్నం పన్నెండు కొడితే వంతెన మూత. ఒంటిగంట దాకా ఎంత పెద్ద పడవైనా గట్టుకి తాడు కట్టుకుని కాచుకోవాలి. వేళలు రాసిన నీలం బోర్డు స్తంభానికి ఉంది కదా, చూసుకోనివాడిదే తప్పు. డౌవె సైకిలెక్కి ఇంటికొచ్చేవాడు, ఆఫ్కె సూపు గిన్నె దించేది, కూతురు జిల్దౌ బడి నుంచి వచ్చేది, ముగ్గురూ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. ఆ గంటలో ఎవరొచ్చి తలుపు కొట్టినా లేచేది లేదు. అతని ఉద్యోగ జీవితం మొత్తంలో ఆ నియమం తప్పింది ఒక్కసారే. ఎవరో ముసలాయన చిన్న పడవలో వచ్చాడు. అతని కుక్క గాలపు ముల్లు మింగింది, పశువుల డాక్టరేమో వంతెనకి అవతల. డౌవె సూపు వదిలేసి పరిగెత్తి వంతెన లేపాడు. పై ఆఫీసు నుంచి చీవాట్లు తిన్నాడు. ఈ కథ అతను ఎవరి పుట్టినరోజుకి వెళ్ళినా చెబుతాడు. అక్కడ పుట్టినరోజంటే అందరూ గోడలకి ఆనించి కుర్చీలు వేసుకుని, చుట్టూ కూర్చుని, కాఫీతో తలా ఒక కేకు ముక్క తినడం. కుర్చీలోంచి లేచి పారిపోవడానికి వీలుండదు. కాబట్టి ఊరంతా ఆ కథ వినే ఉంది.

తర్వాత వంతెనకి కెమెరాలు పెట్టారు. ఇప్పుడు ఎక్కడో దూరాన ఒక గదిలో కూర్చున్న మనిషి తెర మీద చూసి నొక్కితే ఇక్కడ వంతెన లేస్తుంది. మధ్యాహ్న విరామం కూడా ఎత్తేశారు. డౌవెకి వీడ్కోలు సభ పెట్టి, చెయ్యి కలిపి, ఇంటికి పంపేశారు. బూటు మాత్రం అతను ఎవర్నీ అడక్కుండా సంకలో పెట్టుకు తెచ్చుకున్నాడు. స్తంభానికున్న నీలం బోర్డు కూడా.

ఇంట్లో కూర్చున్న మనిషికి కాపలా కాయడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఏదో ఒకటి సియర్ద్ గొర్రెల రూపంలో వచ్చింది. పక్కింటి సియర్ద్ గొర్రెలు ఈనే కాలంలో చలిలో లేచి వెళ్ళడానికి బద్ధకించి, కొట్టంలో చవక కెమెరా పెట్టుకుని, మంచంలోంచే ఫోనులో చూసుకునేవాడు. ఒకరోజు ఆ కెమెరా దానంతట అదే తల తిప్పి, ఏదో అర్థంకాని భాషలో మాట్లాడి, నవ్విందట. ఎవడో ఎక్కణ్ణుంచో దూరి గొర్రెల్ని చూస్తున్నాడన్న మాట. సియర్ద్ కెమెరా పీకి చెత్తబుట్టలో పడేసి ఆ సంగతి మర్చిపోయాడు. డౌవె మర్చిపోలేదు. గొర్రెల్ని చూసినవాడు మనుషుల్ని చూడడా అన్నాడు. ఆ ఊళ్ళో ఏ ఇంటి కిటికీకీ రాత్రి కూడా తెర వెయ్యరు. వీధిలో పోయేవాడికి లోపల బల్ల మీద కూర గిన్నెతో సహా కనిపిస్తుంది. ఆఫ్కె ఆ సంగతి గుర్తు చేసింది. అది వేరు, వీధిలో పోయేవాడి మొహం మనకీ కనిపిస్తుంది కదా అన్నాడు డౌవె. ఈ మాటలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి.

అలా ఆ పలక కొన్నాడు. చవకలో దొరికింది. చవక వస్తువు తెచ్చిపెట్టే తిప్పలేవో ఆ శీతాకాలమంతా పడ్డాడు. పలకకి తీగ పెట్టే కన్నం ఒక్కటే ఉంది, కావలసింది రెండు. రెండోది అంటించుకునే ముక్క తెప్పించాడు, ఆ ముక్కకీ పలకకీ పడలేదు. ఇంకోటి తెప్పించాడు. అది వేడెక్కి, గంటకోసారి సొమ్మసిల్లి పడిపోయేది. కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని, వీడియోలో ఎవరో కుర్రాడు గడగడా చెప్పేది ఆపీ ఆపీ రాసుకుని, ఒక్కో వరుసా కొట్టేవాడు. ఒక చుక్క తక్కువైతే మొత్తం పనిచేసేది కాదు. వంతెనకి నూనె తక్కువైతే కిర్రుమని చెప్పేది, ఇది నోరు తెరిచి చావదు అని విసుక్కునేవాడు. తీరా అంతా కుదిరి, ఎర్రదీపం నిలకడగా, ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటూ వెలిగిన రోజున, ఆఫ్కె వసారా ఊడవడానికి వాక్యూమ్ క్లీనర్ ప్లగ్గు పెట్టుకోవాలని పలక ప్లగ్గు పీకేసింది. అతను కొట్టిందంతా దాచుకున్న చిన్న కార్డు పాడైంది. మళ్ళీ మొదటికొచ్చింది.

"నీ వంతెన లేకపోతే వరదేమీ రాలేదు గాని, దుమ్ము మాత్రం మోకాలి దాకా వచ్చింది" అంది ఆఫ్కె.

పడీ పడీ చివరికి నిలబెట్టాడు. పలకకి గాలి తగలాలంటే ఎందులో పెట్టాలా అని చూస్తుంటే బూటు కనిపించింది. అందులో సరిగ్గా పట్టింది. ఆ రోజొక్కటీ మనిషి పొంగిపోయాడు. మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ తిప్పలు మొదలయ్యాయి. టీవీలో స్కేటింగ్ పందెం ఆఖరి చుట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయింది. ఆఫ్కె పాడే గాయక బృందం నుంచి పాటల కాగితాలు రావడం మానేశాయి, వాటిని పంపే చోటు డౌవెకి అనుమానంగా కనిపించింది. అతని పుట్టినరోజుకి వచ్చిన వదిన వైఫై అడిగితే, ముందు మీ ఫోను పేరు రాయించండి, నేను వంతెన మీద ఎక్కించాలి అన్నాడు. పాస్‌పోర్టు కూడా తేవలసిందా అని ఆమె గది చుట్టూ కూర్చున్నవాళ్ళందర్నీ నవ్వించింది. డౌవె మొహం మాడ్చుకున్నాడు. తను వీళ్ళ కోసం ఇంత చేస్తుంటే ఒక్కరికీ విలువ తెలియదని అతని బాధ. ఆ బాధ అబద్ధం కాదు.

ఇక జిల్దౌ సంగతి. ముప్ఫై దాటిన మనిషి. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి, మందులు ఇచ్చే నర్సు పని. ఒకతనితో కలిసి ఖ్రోనింగెన్‌లో అద్దెకుండేది. ఇద్దరికీ చెడింది, ఇల్లు అతని పేరున ఉంది, రెండు సూట్‌కేసులతో పుట్టింటికొచ్చి అటక గదిలో దిగింది. నాలుగు నెలలే అనుకుంది. రెండేళ్ళు దాటాయి. అద్దె ఇళ్ళ కోసం జనం ఏళ్ళ తరబడి వరుసలో ఉన్నారు. తను ఎన్నోదో చూసుకోవడం కూడా మానేసింది. మిగిలిన దారి ఒక్కటే. ఇళ్ళ సంఘం నెలకోసారి, మొదటి గురువారం మధ్యాహ్నం, వరుసతో పనిలేకుండా ఒక ఇల్లు వెబ్‌సైటులో పెడుతుంది. ముందు ఎవరి వేలు పడితే వాళ్ళది. రెప్పపాటులో పోతుంది. జిల్దౌ ప్రతి నెలా నొక్కుతూనే ఉంది, ప్రతి నెలా ఎవరో ఆమెకన్నా ముందే నొక్కేస్తున్నారు. ఒంట్లో బాగుండని రోజున ఏడ్చేది కూడా. అమ్మ వంట బాగుంటుంది, నాన్న మంచివాడు, అయినా అటక గదిలో నిటారుగా నిలబడితే తల దూలానికి తగులుతుంది. తన తలుపు తను వేసుకుని, తన తాళం తన జేబులో వేసుకోవాలని ఆమెకి ఆశ. ఇంకేమీ అడగడం లేదు.

ఆ ఏప్రిల్‌లో సంఘంవాళ్ళు ఏ ఇల్లు పెట్టబోతున్నారో ముందుగానే తెలిసింది. బోల్స్‌వార్డ్‌లో కాలువ పక్కన రెండు గదులు, చిన్న బాల్కనీ. ఆమె చూసే ముసలివాళ్ళలో సగం మంది ఆ వీధుల్లోనే ఉంటారు.

బుధవారం సాయంత్రం ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. మెదిపిన బంగాళాదుంపలు, సాసేజీ. జిల్దౌ ఎడం చేత్తో ఫోను పట్టుకుని, ఆ ఇంటి ఫోటోలు వేలితో పెద్దవి చేసుకుని చూస్తూ, రేపు సెలవు పెట్టానని, సరిగ్గా పన్నెండింటికి ఇల్లు పెడతారని చెప్పింది. ఆఫ్కె కూడా ఫోను తీసి, ఆ వీధిలో బేకరీ ఎక్కడుందో వెతుకుతోంది. డౌవె వాళ్ళిద్దరి నడినెత్తులూ చూస్తూ కూర్చున్నాడు. ఉప్పు అందివ్వమన్నాడు. ఎవరూ అందివ్వలేదు. రెండోసారి కూడా అడిగాడు. ఫోను కనిపించిందిగాని ఫోను పట్టుకున్న మనిషి చెబుతున్నదేమిటో అతని చెవికెక్కలేదు. పూర్వం ఈ బల్ల దగ్గర గంటసేపు లోకం మొత్తాన్ని ఆపాను, ఇప్పుడు ఉప్పు కోసం దేబిరించవలసి వస్తోంది అనుకున్నాడు. లోలోపల ఉడికిపోయాడు.

గురువారం పొద్దున్నే మీటర్ల అర ముందు పీట వేసుకుని, పలకకి కొత్త నియమం రాశాడు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా వంతెన మూత. లోపలివాళ్ళు బయటికి లేదు, బయటివాళ్ళు లోపలికి లేదు. ఎవరికీ మినహాయింపు లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పాలి కదా అని ఒక్క క్షణం అనిపించింది. వంతెన కాపరి ఇంటింటికీ తిరిగి చెప్పడు, బోర్డు పెడతాడు. కాబట్టి పాత నీలం బోర్డు తెచ్చి, అర తలుపుకి లోపలి వైపున మేకు కొట్టి తగిలించాడు. బయటి వైపు తగిలిస్తే వసారా అందం పోతుందని ఆఫ్కె తిడుతుంది. తలుపు మూశాడు. తన పని పద్ధతి ప్రకారం చేశానని అతనికి పూర్తి నమ్మకం.

మధ్యాహ్నం కావస్తుంటే రొట్టె, చీజ్, మజ్జిగ తనే బల్ల మీద సర్దాడు. మెట్ల కింద నిలబడి జిల్దౌని పిలిచాడు. ఆమె అటక గదిలోంచి, పది నిమిషాలాగు నాన్నా అంది. సరేలేమ్మా అన్నాడు. లోపల నవ్వుకున్నాడు. ఫోను మూగబోతే తనే దిగి వస్తుందిలే.

చర్చి గడియారం పన్నెండు కొట్టింది. డౌవె అర తలుపు తీసి చూశాడు. బూటు పక్కన వేలాడదీసిన పాత టాబ్లెట్‌లో, ఎవరిని ఆపిందీ పలక వరసగా రాస్తుంది. వరసలు ఒకదాని కింద ఒకటి గబగబా పడుతున్నాయి. ఎవడో తలుపు బాదుతున్నాడు. ఆపాను, ఆపాను, ఆపాను అంటోంది పలక. అన్ని నెలల పాట్లకీ ఫలితం కళ్ళారా కనిపించింది. ఎటు నుంచి ఎటు అనేది ప్రతి వరస మొదట్లోనూ సన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్ళజోడు వంటింట్లో ఉంది. అది తెచ్చుకుని చూడలేదు. పడవ ఏ వైపు నుంచి వస్తోందో చూడకుండా జీవితంలో మీట నొక్కని మనిషి, ఆ రోజు చూడలేదు.

బల్ల దగ్గరికి వచ్చి, రొట్టెకి వెన్న రాస్తూ ఆఫ్కెతో చెప్పాడు. "ఎవడో పట్టుదల గలవాడే. పన్నెండు కొట్టిన దగ్గర్నుంచి కొడుతూనే ఉన్నాడు. ఒక్కటి కూడా పోనివ్వలేదు."

అప్పుడే పైనుంచి కుర్చీ పడ్డ చప్పుడైంది. ఆ ఇంటి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. జిల్దౌ వాటి మీదినుంచి దాదాపు జారుతూ దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఫోను పైకెత్తి పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. ఆ ఇంట్లో మామూలు ఫోను సిగ్నల్ రాదు. రావాలంటే చర్చి వెనక గొర్రెలు మేసే వరద కట్ట ఎక్కాలి.

ఆఫ్కె చేతిలో కత్తి కింద పెట్టింది. "డౌవె, ఏం చేశావు?"

"విరామం పెట్టాను. గంటే కదా. భోజనానికి కూర్చుంటారని."

"ఇవ్వాళ గురువారం" అంది ఆఫ్కె.

నిన్న రాత్రి జిల్దౌ అన్న మాటలు అప్పుడు వినిపించాయి డౌవెకి. పరిగెత్తి వెళ్ళి పలక ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. పలక తాపీగా నిద్ర లేచి, దీపాలు వెలిగించి, మొట్టమొదట గుర్తు తెచ్చుకున్నది అతను పొద్దున్న రాసిన నియమాన్నే. మళ్ళీ మూసేసింది. టాబ్లెట్‌లో నియమం తీసేద్దామంటే కళ్ళజోడు లేక అక్షరాలు తప్పుపడి, అది అర్థం కావడం లేదంది. రెండు తీగలూ పీకి, పలకని పక్కకి నెట్టి, ఒకదాన్నొకటి నేరుగా తగిలించాలని తోచేసరికి చాలాసేపైంది. తగిలించాడు. ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారి కీచుకీచుమన్నాయి. కట్ట మీదున్న మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

జిల్దౌ నడిచే వచ్చింది. పాదాలకి తడి మట్టి, గొర్రెల పెంట. పోయింది అంది తల్లితో. కట్ట ఎక్కేసరికి పేజీ తెరుచుకుందట, సంఘంవాళ్ళు కాస్త ఆలస్యంగా పెట్టారేమో, ఇల్లు ఇంకా కనిపించిందట, నొక్కుతుంటేనే బూడిద రంగులోకి మారిందట. తర్వాత తెరిచి ఉన్న అర తలుపు చూసింది. నీలం బోర్డు చదివింది. చిన్నప్పటి నుంచి చూసిన బోర్డే. ఆమె అరవలేదు. అరిచి ఉంటే డౌవెకి సులువుగా ఉండేది.

"పడవలో కుక్క గాలం మింగితే సూపు వదిలేసి పరిగెత్తావు నాన్నా. ఆ కథ విని విని నాకు నోటికొచ్చేసింది. కుక్కకి తెరిచావు. నాకు మాత్రం విరామం."

అటక గదిలోకి వెళ్ళిపోయింది. అక్కడ ఇంటర్నెట్ ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తోంది.

డౌవె చేతులు ముడుచుకు కూర్చోలేకపోయాడు. ఇప్పుడు తెరుచుకున్న వైఫై మీదే ఇళ్ళ సంఘానికి ఫోను చేశాడు. సంగీతం వచ్చింది, తర్వాత ఒక గొంతు వచ్చి, మధ్యాహ్న భోజన విరామం, ఒంటిగంట తర్వాత చేయండి అంది. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. అలా కొట్టే హక్కు ఊళ్ళో ఎవరికైనా ఉందేమోగాని తనకి లేదని తెలిసి ఆగాడు. ఒంటిగంటకి ఒక అమ్మాయి ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది. డౌవె బూటు దగ్గర మొదలుపెట్టి, పలక, నియమం, కట్ట, అన్నీ చెప్పాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, మా వైపు ఏమైనా తప్పు జరిగితే చూడగలమండీ, ఇది మీ ఇంట్లో మీరే వేసుకున్న గడియ కదా అంది. ఆమె అన్నదాంట్లో వెతికినా తప్పు దొరకలేదు. అందుకే మరీ ఒళ్ళు మండింది. ఎవరి మీద అరవాలో తెలియక సీసాల సంచీని కాలితో తన్నాడు. సీసాలు వసారా పొడుగునా దొర్లాయి. అవి తనే ఏరుకున్నాడు.

ఆ నెలాఖరుకి జిల్దౌ ఒక చోటు చూసుకుంది. సరస్సు పక్కన సెలవుల్లో జనం దిగే చెక్క గదులున్న తోట. చలికాలం మొదలయ్యేలోపు ఖాళీ చెయ్యాలి, తడి వాసన, పక్క గదిలో వాన పడితే డ్రమ్ములు వాయించే కుటుంబం. అయినా తలుపుకి తాళం ఉంది. తండ్రితో తగువు పెట్టుకుని కాదు, ఇంట్లో ఇక ఊపిరాడడం లేదని వెళుతున్నానంది. సామాను డౌవె కారులోనే పెట్టుకున్నారు. దారిలో అతని పాత వంతెన. రోడ్డుకి ఎర్రదీపం పడింది, అడ్డుకర్రలు దిగాయి, వంతెన లేచింది. పడవ మాత్రం ఎక్కడో దూరంగా, గాలి లేక నత్తనడక నడుస్తోంది.

"ఇంత ముందు లేపకూడదు" అన్నాడు డౌవె స్టీరింగు మీద కొడుతూ. "ఆ మలుపు దాటాక లేపాలి. చూసేవాడుంటే కదా." గాజు గది కిటికీల్లో దుమ్ము తప్ప ఏమీ లేదు. స్తంభం మీద కెమెరా ఉంది. దాన్ని తిడదామని అద్దం దించి, ఊరుకున్నాడు.

పడవ ఇంకా రాలేదు. ఒళ్ళో దీపపు స్టాండు పెట్టుకుని కూర్చున్న కూతురి వైపు చూడకుండా చెప్పాడు. "ఆ రోజు ఎవరో తలుపు కొడుతుండడం చూశానమ్మా. నువ్వని తెలీదు. చూసి సంతోషపడ్డాను. బయటి దొంగనే ఆపుతున్నాననుకుని, రొట్టె తింటూ మీ అమ్మకి గొప్పలు చెప్పాను. అదే నాకు మింగుడు పడటం లేదు."

పడవ దాటింది, వంతెన దిగింది, వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"వచ్చే గురువారం నాకు సెలవు దొరకదు నాన్నా" అంది జిల్దౌ. "ఆ వేళకి మిసెస్ పోస్త్‌మాకి స్నానం చేయిస్తూ ఉంటాను, చేతులు తడిగా ఉంటాయి. నా పాస్‌వర్డ్ ఇస్తాను. నువ్వు నొక్కు. బతుకంతా నొక్కడమేగా చేశావు."

డౌవె కారు ముందుకి పోనిచ్చాడు.

పలక ఇప్పటికీ బూటులో ఉంది. విరామం నియమం తీసేశాడు, నీలం బోర్డు సియర్ద్ కొట్టానికి ఇచ్చేశాడు. ఆఫ్కె పాటల కాగితాలు వస్తున్నాయి. అయినా మొదటి గురువారం వచ్చిందంటే తన వంతెన మీద తనకే నమ్మకం ఉండదు. పదకొండున్నరకే కోటు వేసుకుని, ఫోను జేబులో పెట్టుకుని, కట్ట ఎక్కి గొర్రెల మధ్య నిలబడతాడు. రొట్టె కట్టివ్వనా అంటుంది ఆఫ్కె. వెన్న చేతులతో తెర జారుతుంది, వద్దంటాడు.

మే నెలలో మొదటిసారి నొక్కాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఇల్లు పోయిందంది. జూన్‌లో వేలు సరిగ్గా పడింది, అయినా ఎవరో ముందు. జూలైలో వాన, తడి వేలిని తెర గుర్తించలేదు. ఈ దేశంలో మనుషులకి ఇళ్ళు కట్టడం కూడా మర్చిపోయారా అని గొర్రెల్ని తిట్టాడు. జిల్దౌకి ఫోను చేశాడు.

"పోయిందమ్మా."

"తెలుసు నాన్నా. వానలో ఉండకు, ఇంటికెళ్ళి తిను. పన్నెండు దాటింది."

"ఒంటిగంట దాకా ఉంటాను. తీసుకున్నవాళ్ళు వద్దనుకుంటే మళ్ళీ పెడతారట" అన్నాడు డౌవె. కోటు టోపీ ముందుకి లాక్కుని, ఫోను మీద వాన పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గడ్డిలో కూర్చున్నాడు.